గడపల లెక్క, మనుషుల లెక్క: శామీర్‌పేట, 1951

మా వైపు ఊరి పరిమాణాన్ని మనుషులతో కాక గడపలతో చెప్పేవారు. “మాది మూడొందల గడప ఊరు” అంటే వినేవారికి ఒక అంచనా వచ్చేది. ఆ ఊరికి ఒక పెద్ద చెరువు, రెండు కోమటి దుకాణాలు, ఒక బడి ఉంటాయని వాళ్ళే ఊహించుకునేవారు. నేను వైద్యవిద్య చదువుతున్న రోజుల్లో సామాజిక వైద్య విభాగంవారు మమ్మల్ని ఒక పల్లెకు కుటుంబ సర్వే కోసం పంపారు. పటేల్-పట్వారీ వ్యవస్థ 1984లోనే రద్దయినా ఊరంతా ఇంకా పట్వారీ అనే పిలుస్తున్న ఒక పెద్దాయనను ముందుగా కలిశాం. ఎన్ని గడపలని అడిగితే తడుముకోకుండా ఒక సంఖ్య చెప్పాడు. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాక మాకు తేలిన సంఖ్య దానికి మూడోవంతు ఎక్కువ. తేడా ఎక్కడ వచ్చిందో అర్థం కావడానికి మరో పూట పట్టింది. మాల వాడ, మాదిగ వాడ ఆయన లెక్కలో లేవు. ఆయన మాకు అబద్ధం చెప్పలేదు, ఏదీ దాచాలనుకోలేదు కూడా. మేము ‘ఊళ్ళో’ ఎన్ని గడపలని అడిగాం, ఆయన ఊరి లెక్కే చెప్పాడు. ఆయన భాషలో ఊరు వేరు, వాడ వేరు.

ఆ తేడాను నేను చాలా ఏళ్ళు మరచిపోయాను. ఉత్తర కెరొలైనాలోని మోరిస్‌విల్‌లో స్థిరపడ్డాక, పక్క ఊరి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో శ్యామాచరణ్ దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ చేతికి దొరికినప్పుడు మళ్ళీ గుర్తుకు వచ్చింది. 1955లో లండన్‌లో అచ్చయిన ఈ పుస్తకం పేరులో భారతీయ గ్రామం ఉన్నా, అది చెప్పేది ఒక తెలుగు ఊరి సంగతి. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రోడ్డు మీద, చెరువును ఆనుకుని ఉన్న శామీర్‌పేట అది. కరీంనగర్ బస్సెక్కిన ప్రతివారూ కిటికీలోంచి ఆ చెరువును చూసే ఉంటారు. నేను చిన్నతనంలో పదులసార్లు చూశాను. సామాజిక శాస్త్రం చదివే విద్యార్థులకు ప్రపంచవ్యాప్తంగా పరిచయమైన ఊరని మాత్రం అప్పుడు తెలియదు.

దూబే అక్కడ ఏం లెక్కపెట్టాడో చెప్పేముందు, ఆయనకంటే ముందు తెలుగు ఊళ్ళను ఎవరు, ఎందుకు లెక్కపెట్టారో కొంత చెప్పాలి. 

కరణాల దగ్గర దండకవిలెలు ఉండేవి. పద్దెనిమిదో శతాబ్ది చివర, పందొమ్మిదో శతాబ్ది మొదట్లో కర్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు సేకరించిన కైఫీయతులకు ఈ కవిలెలే ప్రధాన ఆధారం. ఊరికి పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు ఎవరికి ఏ మాన్యం ఇచ్చాడు అన్నవి వాటిలో విస్తారంగా దొరుకుతాయి. మనుషుల సంఖ్య మీద వాటికి పెద్ద ఆసక్తి లేదు. పన్ను కట్టే భూమి, ఆ భూమిని అనుభవించే హక్కు, ఆ హక్కుకు పునాదిగా ఒక కథ ఉంటే కవిలెకు చాలు. మనుషులనే లెక్కించాలన్న ఆలోచన మద్రాసు రాష్ట్రంలో గట్టిగా అమలైంది 1871లో. ఆ జనగణన నివేదిక రాసినవాడు గణాంక శాస్త్రవేత్త కాదు, రెవెన్యూ అధికారి కూడా కాదు. ప్రజారోగ్య కమిషనర్‌గా ఉన్న వైద్యుడు, డాక్టర్ కార్నిష్. రాష్ట్రంలో సుమారు 3 కోట్ల 12 లక్షలమంది ఉన్నారని ఆయన తేల్చాడు. వైద్యుడికి జనాభా లెక్క ఎందుకంటే, ఎంతమంది ఉన్నారో తెలియనిదే ఎంతమందిలో ఎంతమంది చనిపోతున్నారో చెప్పలేం. భాగహారంలో కింది అంకె లేకపోతే పై అంకెకు అర్థం లేదు.

ఆ కింది అంకె ఎంత అవసరమో ఆరేళ్ళలో రుజువైంది. 1876-78 కరువులో ప్రభుత్వం సహాయపు పనుల్లో ఉన్నవారి కూలిని కుదించి, మనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్న సర్ రిచర్డ్ టెంపుల్ లెక్కను అమలు చేసినప్పుడు, అది బతకడానికి చాలదని అధికారికంగా ఎదిరించినవాడు ఈ కార్నిషే. చివరికి ప్రభుత్వం కొంత దిగివచ్చింది. కానీ 1881 జనగణన వచ్చేసరికి కర్నూలు జిల్లా జనాభా 9 లక్షల 14 వేల నుంచి 6 లక్షల 78 వేలకు పడిపోయింది. పదేళ్ళలో నాలుగోవంతుకు పైగా మనుషులు లేరు. ఇరవై ఏళ్ళ తరువాత, 1901లో కూడా ఆ జిల్లా తన 1871 నాటి సంఖ్యను అందుకోలేదు. 1871లో లెక్క జరగకపోయి ఉంటే కర్నూలు కరువు జానపదుల జ్ఞాపకంగా తప్ప మరో రూపంలో మనదాకా వచ్చేది కాదేమో.

నిజాం రాజ్యంలో తొలి జనగణన 1881లో జరిగింది. అప్పటికి రాజ్యం జనాభా సుమారు 98 లక్షలు. ఆ తరువాత ప్రతి పదేళ్ళకూ లెక్క జరుగుతూ వచ్చింది. వాటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది 1911, 1921ల మధ్య తేడా. కోటీ 33 లక్షలున్న జనాభా కోటీ 24 లక్షలకు తగ్గింది. మధ్యలో ప్లేగు ఉంది, 1918 ఇన్‌ఫ్లుయెంజా ఉంది, పంటలు పోయిన ఏళ్ళున్నాయి. తెలంగాణలో పాతకాలంవాళ్ళు కలరాను ‘గత్తర’ అనేవాళ్ళు. ఇప్పటికీ ఏదైనా ముంచుకొస్తే ‘గత్తరబిత్తర’ అంటాం. మాటలో మిగిలిపోయిన రోగం అది. పట్టికల్లో మాత్రం రోగాల పేర్లు అంత స్పష్టంగా ఉండవు. ఊళ్ళో చావు సంగతి రాసి పంపేవాడు గ్రామాధికారి. ఆయనకు తెలిసిన కారణాలు నాలుగైదు: గత్తర, అమ్మవారు, ప్లేగు, పాము కాటు; మిగిలినవన్నీ జ్వరం. ఆనాటి మరణ పట్టికల్లో జ్వరం కింద చేరినవాళ్ళలో మలేరియా ఎంత, క్షయ ఎంత, టైఫాయిడ్ ఎంత, బాలింత జ్వరం ఎంత అని ఇప్పుడు విడదీయడం ఏ వైద్యుడి తరమూ కాదు.

వయసుల సంగతి ఇంకా విచిత్రం. పాత జనగణనల్లో ముప్పై ఏళ్ళవాళ్ళు, నలభై ఏళ్ళవాళ్ళు కుప్పలుగా ఉంటారు. ముప్పయ్యొకటి, ముప్పయ్యేడు వాళ్ళు దాదాపు కనబడరు. సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకె నోటికి తేలిగ్గా వస్తుంది. మా సర్వేలోనూ ఇదే అనుభవం. ఒక అవ్వను వయసడిగితే, రజాకార్ల లొల్లప్పటికి తనకు ఇద్దరు పిల్లలని చెప్పింది. ఆ జవాబు లోంచి వయసు రాబట్టవలసింది మేము. నిజానికి ఆమె చెప్పినదే కచ్చితమైన తేదీ, మా ఫారంలో రాసిన ‘అరవై’ కాదు.

ఇక కులం. 1871లోనే కార్నిష్ కులాల వర్గీకరణ ఎంత చిక్కుగా ఉందో గమనించి, కులాల పుట్టుక గురించి శాస్త్రగ్రంథాలు చెప్పేదాన్ని నమ్మి లాభం లేదని రాశాడు. ఆ జాగ్రత్త తరువాతివారికి లేకపోయింది. 1901లో రిస్లీ కులాలను సామాజిక ప్రతిష్ఠ వరుసలో పేర్చబోయాడు. వరుస అన్నమాట వినబడగానే దేశమంతటా కుల సంఘాలు అర్జీలు పట్టుకుని బయలుదేరాయి: మేము ఫలానావారం కాము, ఫలానావారం అని. ఉన్నదాన్ని కొలవబోయిన సాధనం కొత్త సంగతిని పుట్టించింది. ఆ రద్దీ 1931 వరకు సాగింది. కులాలన్నిటినీ లెక్కించి ప్రచురించిన చివరి జనగణన అదే. 1941లో యుద్ధం మూలంగా పట్టికలు వేయలేదు. స్వతంత్ర భారతంలో తొలి జనగణన 1951 ఫిబ్రవరిలో జరిగింది. మార్చి 1 సూర్యోదయం నాటికి ఉన్న స్థితిని లెక్కలోకి తీసుకున్నారు. అందులో షెడ్యూల్డు కులాలు, తెగలు తప్ప మిగతా కులాల లెక్క ఆపేశారు. కొత్త గణతంత్రం కులాన్ని లెక్కపెట్టకుండా ఉంటే కులం క్రమంగా క్షీణిస్తుందన్న ఆశ ఆ నిర్ణయం వెనుక ఉంది.

సరిగ్గా ప్రభుత్వం కులం అడగడం మానేసిన ఆ సంవత్సరంలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం శామీర్‌పేటలో దిగి, ఎవరు ఎవరి చేతి నీళ్ళు తాగుతారో రాసుకోవడం మొదలుపెట్టింది. దూబే పుస్తకం విలువ నాకు ఇక్కడే కనబడుతుంది. ఉద్దేశించి చేశారో లేదో గానీ, 1951 జనగణన వదిలేసిన ఖాళీని ఒక ఊరి మేరకైనా ఆ పుస్తకం పూరించింది.

దూబేకు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. మధ్యప్రదేశ్ వైపు మనిషి. ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు కమార్ తెగ మీద పరిశోధన చేసి, హైదరాబాదు వచ్చాడు. ఉస్మానియాలో అంతకుముందే ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద పుస్తకాలు రాసి ఒక దారి వేశాడు. కానీ అవన్నీ అడవి మనుషుల గురించి. మానవశాస్త్రం అంటే అడవికి పోవడమే అనుకునే రోజుల్లో, నగరానికి పాతిక మైళ్ళ దూరంలో, బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఉన్న మామూలు ఊరిని ఎంచుకోవడం కొత్త. విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ పథకంలో భాగంగా ఈ అధ్యయనం జరిగింది. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం వంటి శాఖలవారు కూడా ఆ పథకంలో ఉన్నారు. పంటనూ పశువునూ రోగాన్నీ చూసేవాళ్ళు ఒకేసారి ఒకే ఊళ్ళో తిరిగారన్నమాట. ఆ తరువాత మన విశ్వవిద్యాలయాల్లో అటువంటి కలయిక తరచుగా జరిగినట్లు నాకు కనబడదు.

కాలం సామాన్యమైనది కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 2న దేశమంతటా సామాజిక వికాస పథకం మొదలైంది. పాత అధికారం పోయి కొత్త అధికారం ఇంకా కుదురుకోని ఆ మూడు నాలుగేళ్ళ సందులో దూబే శామీర్‌పేటను చూశాడు.

ఊరి జనాభా 2,494. హిందువుల్లో అనేక కులాలు, చివర మాల మాదిగలు, కొన్ని వందలమంది ముస్లిములు. బ్రాహ్మణులు, కోమట్లు, సేద్యగాళ్ళైన రెడ్డి కాపులు, కుమ్మరి, గొల్ల, సాలె, గౌండ్ల, ముత్రాసి, సాకలి, మంగలి, వడ్డెర, ఎరుకల, పిచ్చకుంట్ల. వీళ్ళ మధ్య ఎక్కడ పెట్టాలో తేలనివాళ్ళు పంచబ్రహ్మలు: ఔసుల, వడ్ల, కమ్మరి మొదలైనవారు. వాళ్ళు జంధ్యం వేసుకుంటారు, తామే బ్రాహ్మణులమంటారు, మరొకరి ఇంట తినరు. ఊళ్ళో వాళ్ళకంటే తక్కువనిపించుకునే కులాలు కూడా వాళ్ళ చేతి తిండి ముట్టవు. పైనుంచి కిందికి గీసిన నిచ్చెన మీద వీళ్ళకు మెట్టు లేదు. రిస్లీ వంటివారి వరుస పట్టికలు ఎందుకు విఫలమయ్యాయో ఈ ఒక్క ఉదాహరణ చాలు. కులం ఒకే నిచ్చెన కాదు. ఎవరి ఇంటినుంచి చూస్తే అలా కనబడే ఏర్పాటు.

నాగలి చేసే వడ్లాయనకు, కర్రు కాల్చే కమ్మరికి, బట్టలుతికే సాకలికి, క్షవరం చేసే మంగలికి ఏ పనికాపని డబ్బు ఉండేది కాదు. పంట కళ్ళంలో ఉండగా ఏడాదికోసారి ఇంత అని గింజలు కొలిచేవారు. దీన్ని పరస్పర సహకారమని పొగిడినవాళ్ళున్నారు. నాకు అంత నమ్మకం లేదు. గింజలు కొలిచే చెయ్యి ఎప్పుడూ ఒకటే. కుంచం ముందు నిలబడే చెయ్యి ఎప్పుడూ మరొకటి. పైగా ఈ సేవల్లో కూడా ఒక గీత ఉంది. సాకలి, మంగలి మాల మాదిగల ఇళ్ళకు పనిచేయరు. మాదిగలు డప్పు కొట్టాలి, చచ్చిన పశువును ఎత్తాలి, తోలు పని చేయాలి. తమ బట్టలు తామే ఉతుక్కోవాలి, తమ తల తామే గొరిగించుకోవాలి. అంటరానివారుగా పక్కకు నెట్టబడినవాళ్ళలోనూ మాలలూ మాదిగలూ ఒకరింట ఒకరు తినరు. ఈ చివరి సంగతిని చదివినప్పుడు చాలామందికి అది ఒక చిన్న ఆచార విశేషంగా తోస్తుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల ఉపవర్గీకరణకు అనుమతి ఇవ్వడం, 2025 ఏప్రిల్ 14న తెలంగాణ ప్రభుత్వం 59 కులాలను మూడు గుంపులుగా విభజిస్తూ ఉత్తర్వులివ్వడం చూసినవారికి ఆ ఆచారం ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది. ఒకే పేరు కింద కలిపి లెక్కించిన 1951 జనగణన పట్టిక ఆ గీతను చూపలేదు. శామీర్‌పేటలో ఇంటింటికీ తిరిగినవాళ్ళకు అది మొదటి వారంలోనే కనబడి ఉంటుంది.

పిచ్చకుంట్లవారి గురించి ఒక మాట. వీళ్ళు కాపుల, రెడ్ల గోత్రాలూ వంశాలూ పాడి యాచించే ఆశ్రిత కులం. తెలంగాణలో ఇటువంటివి చాలా ఉన్నాయి. మాదిగలకు డక్కలివారు, చిందువారు, గొల్లలకు మందెచ్చువారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు. ఒక్కో గుంపుకు కొన్ని ఊళ్ళ మీద హక్కు ఉంటుంది. ఏడాదిలో ఒక కాలంలో వచ్చి, కులపురాణం చెప్పి, తమకు రావలసినది అడిగి తీసుకుని, మరో ఊరికి పోతారు. వీళ్ళు ఏ ఊరి జనాభా? ఇల్లు లేనివాళ్ళను లెక్క చివరి రాత్రి ఎక్కడ కనబడితే అక్కడ లెక్కించాలని జనగణన నియమం. నియమం మంచిదే. అయితే డక్కలివారికి మాదిగవాడలోకి కూడా ప్రవేశం లేదు, ఊరి బయట విడిది చేసేవారు. లాంతరు పట్టుకుని తిరిగే లెక్కలవాడు అంతదూరం వెళ్ళాడా? ఊరి కులాల చరిత్రలను నోట్లో పెట్టుకుని తిరిగినవాళ్ళు ఊరి లెక్కలో ఉండటం అన్నింటికంటే కష్టం.

దూబే కులం ఒక్కదానితో ఆగిపోలేదు. ఊళ్ళో మనిషి స్థాయిని నిర్ణయించేవి ఇవీ అని కొన్ని చెప్పాడు: మతం, కులం, భూమి, డబ్బు, ప్రభుత్వోద్యోగం లేదా ఊరి పాలనలో స్థానం, వయసు, చివరగా వ్యక్తిలోని విశేష గుణాలు. ఈ జాబితాలో చివరిది నాకు ఇష్టం. పట్టికల్లో పట్టని సంగతిని పట్టికలవాడే ఒప్పుకోవడం అది. వయసులో పెద్దవాడైన సాకలిని రెడ్డిపిల్లలు ‘మామా’ అనో ‘తాతా’ అనో పిలవడం మనందరికీ తెలుసు. ఆ పిలుపు బూటకం కాదు. ఆ తాత గడప దగ్గరే నిలబడి మాట్లాడటం కూడా అంతే నిజం. రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పగలిగినవాడే ఊరి గురించి రాయగలడు.

ముస్లిముల విషయంలోనూ ఇటువంటి రెండు నిజాలున్నాయి. పీర్ల పండుగకు హిందువులు మొక్కుకోవడం, పీరు ఎత్తుకుని గుండం చుట్టూ ఆడటం తెలంగాణ ఊళ్ళలో సర్వసాధారణం. అలాగే ఊరమ్మల మీద ముస్లిముల భయభక్తులు. అదే సమయంలో, రాజ్యం మారాక ఊళ్ళో ముస్లిముల స్థానం ఒక్కసారిగా మారిపోయింది. నిన్నటి వరకు ప్రభువుల మతంవాళ్ళు, నేడు అనుమానితులు. పీర్ల పండుగ ఆగలేదు, భయమూ పోలేదు.

వైద్యుడిగా నేను ఎక్కువసేపు ఆగినది రోగాల పేజీల దగ్గర. శామీర్‌పేటవాళ్ళు రోగాలన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. జలుబు, తలనొప్పి, కడుపునొప్పి వంటివి ఒంట్లో వేడి చలువల తేడా వల్ల వచ్చేవి. వాటికి ఇంటిమందు చాలు. ఎంతకూ తగ్గని జ్వరం, వరసగా పిల్లలు చనిపోవడం వంటివి మరో రకం. వాటి వెనుక ఎవరో, ఏదో ఉండాలి. ఊరంతటినీ చుట్టుకునే రోగాలు ఊరమ్మలవి. పెద్దమ్మవారికి పోచమ్మ, చిన్నమ్మవారికి ముత్యాలమ్మ, గత్తరకు మహాకాళమ్మ. పొలిమేర కాయడానికి మైసమ్మ. మొదటి రకానికి ఇల్లు, రెండో రకానికి మంత్రగాడు, మూడో రకానికి ఊరంతా కలిసి చందాలు వేసుకుని చేసే కొలుపు. ఈ వర్గీకరణలో మూఢత్వం మాత్రమే చూసేవారితో నేను ఏకీభవించను. ఒక మనిషికి వచ్చే రోగం వేరు, ఊరికి వచ్చే రోగం వేరు అన్న గ్రహింపు ఇందులో ఉంది. మేము వైద్య కళాశాలలో ఒక సంవత్సరం కూర్చుని నేర్చుకున్నది ప్రధానంగా ఆ తేడానే. ఊరి రోగానికి చికిత్స కూడా ఊరే చేయాలన్నది సరైన ఆలోచన. చికిత్స మాత్రం తప్పు. ఆ కొలుపులో డప్పు కొట్టేది మాదిగ, కుండలు ఇచ్చేది కుమ్మరి, ముందు నడిచేది ఊరి పెద్ద. గత్తర వచ్చినప్పుడు మాత్రమే వాడ కూడా ఊరిలో భాగమయ్యేది.

మశూచి భారతదేశంలో చివరిసారిగా 1975లో కనబడింది. పోచమ్మ గుడి మాత్రం ఎక్కడికీ పోలేదు. బోనాలు ఏటేటా పెరుగుతున్నాయి. మరో చిత్రం: శామీర్‌పేట పక్కనున్న తుర్కపల్లి దగ్గర ఇప్పుడు జీనోమ్ వ్యాలీ ఉంది. కోవిడ్ కాలంలో కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. ప్రపంచానికి టీకాలు పంపే కర్మాగారాలు, టీకాకు బదులు వేపమండలు కట్టిన ఊరి చుట్టూ లేచాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా శామీర్‌పేటలోనే ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు ఊరిని తాకుతూ పోతుంది. 2016లో జిల్లాలు మారినప్పుడు ఊరు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. దూబే వర్ణించిన భూమిలో సేద్యం చేసినవారి మనవలు ఏమయ్యారన్నది ఎవరైనా ఇంటింటికీ తిరిగి రాయవలసిన మరో పుస్తకం.

ఏ ఒక్క గ్రామాన్నీ మొత్తం గ్రామీణ భారతానికి ప్రతినిధిగా తీసుకోలేమని దూబే తన పుస్తకం మొదట్లోనే ఒప్పుకున్నాడు. అయినా ప్రకాశకులో, కాలమో దానికి భారతీయ గ్రామం అన్న పేరే నిలిపారు. 1955లోనే ఎం. ఎన్. శ్రీనివాస్ సంపాదకత్వంలో ‘ఇండియాస్ విలేజెస్’, మకిమ్ మారియట్ సంపాదకత్వంలో ‘విలేజ్ ఇండియా’ వచ్చాయి. మొదటిదాంట్లో దూబే వ్యాసం కూడా ఉంది. అదే హైదరాబాదులో కాస్త ముందుగా కేశవ అయ్యంగార్ చేసిన గ్రామీణ ఆర్థిక సర్వేలు అప్పు, భూమి, పశువులు, కూలి గురించి చెప్పాయి. ఈ రెండు రకాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిందని నా అభిప్రాయం. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారన్నది ఒక లెక్క, బావి ఎవరి భూమిలో ఉందన్నది మరో లెక్క. మొదటిది చదివి రెండోది వదిలేస్తే కులం కేవలం తిండికీ మడికీ సంబంధించిన వ్యవహారంగా కనబడుతుంది.

తరువాత తెలుగు ఊళ్ళను లెక్కించినవాళ్ళు తక్కువేమీ కాదు. 1961 జనగణనలో చంద్రశేఖర్ ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని ఊళ్ళ మీద విడివిడిగా పుస్తకాలు వెలువడ్డాయి. జాతరలు, పండుగల సంపుటాలు వాటికి తోడు. 1975 నుంచి పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాల్లో ఎంపిక చేసిన కుటుంబాలను ఏళ్ళతరబడి వెంటాడింది. ఔరేపల్లిలో మొదట ఎంచుకున్నవి 40 కుటుంబాలు: పది భూమి లేనివి, ముప్పై సేద్యం ఉన్నవి. ఒక ఊరిని ఒకసారి ఫొటో తీయడం కాక, రోగిని ఏళ్ళపాటు చూసినట్లు చూడటం అది. మా వృత్తిలో ఇటువంటి అధ్యయనాలకు ఉన్న విలువ మరే ఇతర పద్ధతికీ లేదు.

1931 జనగణన తరువాత చాలా కాలానికి, తెలంగాణలో ప్రభుత్వమే 2024 నవంబరులో కులం లెక్క చేపట్టింది. ఇంటింటి సర్వే ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వచ్చాయి: ముస్లిములు కాక వెనుకబడిన తరగతులు 46.25 శాతం, షెడ్యూల్డు కులాలు 17.43, తెగలు 10.45. వాటి మీద వాదాలు వెంటనే మొదలయ్యాయి. హైదరాబాదులో చాలామంది తలుపు తీయలేదని కొందరు, తమ సంఖ్యను తగ్గించారని కొందరు. 1901లో అర్జీలు తమను పైమెట్టు మీద పెట్టమని వెళ్ళేవి. ఇప్పుడు అభ్యంతరాలు సంఖ్య మీద. అప్పుడు లెక్కకు ఫలితం గౌరవం, ఇప్పుడు వాటా. నన్నడిగితే ఈ మార్పు మంచిదే. వాటా కోసం వాదించేవాడు కనీసం తన కులం పేరు దాచుకోనక్కరలేదు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం రాబోయే జనగణనలో కులాన్ని కూడా అడుగుతామని ప్రకటించింది. దాని ప్రమాణ తేదీ 2027 మార్చి 1. సరిగ్గా 96 ఏళ్ళ తరువాత.

నేనున్న మోరిస్‌విల్ కూడా ఒకప్పుడు పల్లెటూరే. రైలు కట్ట పక్కన పుట్టిన ఊరు. 1980లో ఇక్కడ ఉన్నవాళ్ళు మూడు వందలకు లోపు; మా భాషలో చెప్పాలంటే వంద గడప లేదు. 2000 నాటికి 5,208 మంది, 2010కి 18,576, 2020కి 29,630. అందులో నలభై శాతానికి పైగా ఆసియా మూలాలవాళ్ళు. పక్కనే ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ ఉద్యోగాలు, వాటికి వచ్చిన మనవాళ్ళు దీనికి ముఖ్యకారణం. కేరీలోని వేంకటేశ్వర ఆలయం దగ్గర ఆదివారం పూట నిలబడితే ఏ జిల్లా యాసైనా వినబడుతుంది. ఇక్కడి జనగణన జాతి అడుగుతుంది. ఏటా జరిగే మరో సర్వే ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. ఆ విధంగా తెలుగు అమెరికా పట్టికల్లో ఒక అంకె అయింది. కులం ఎవరూ అడగరు. అడగని మాత్రాన తెలియదని కాదు. విందుల్లో ‘మీ ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు’ అన్న మూడు ప్రశ్నల్లో లెక్క పూర్తవుతుంది. ‘ఎటువైపు’ అన్న ప్రశ్న దగ్గర కొందరు మాట మార్చడం నేను చూశాను. ఊరి గురించి మనం రాసుకునే జ్ఞాపకాల్లో చెరువు, వేపచెట్టు, బడి, అమ్మమ్మ ఇల్లు ఉంటాయి. వాడ నుంచి వచ్చినవారి జ్ఞాపకాల్లో చెరువు దగ్గర నీళ్ళు ముంచే రేవు కూడా వేరుగా ఉంటుంది. అవి మన పత్రికల్లో తక్కువగా కనబడితే, వాళ్ళకు జ్ఞాపకాలు లేక కాదు.

2027 లెక్కకు ముందు ఇళ్ళ జాబితా రాస్తారు. మా ఊళ్ళో మా ఇల్లు ఎనిమిదేళ్ళుగా తాళం వేసి ఉంది. పక్కింటి తమ్ముడు వారానికోసారి వాకిలి ఊడిపిస్తాడు. లెక్కలాయన వస్తే ఏం చెప్పమంటావన్నా అని మొన్న ఫోనులో అడిగాడు. ఊళ్ళో ఉండనివాళ్ళను ఆ ఊరి మనుషులుగా రాయరు. గడప ఉంటుంది గానీ ఖాళీ ఇల్లు అని రాసుకుంటారని చెప్పాను. మాదిగవాడలో కొత్తగా కట్టిన స్లాబు ఇళ్ళు చాలానే ఉన్నాయని, అవన్నీ నిండుగా ఉన్నాయని అతడే చెప్పాడు.